లివర్ క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు రెండో ఆపరేషన్: కీహోలా, ఓపెనా?

ఇది చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి మీరు రాసినది ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి 59 ఏళ్లు. ఎప్పటినుంచో హెపటైటిస్ బి ఉంది. రెండున్నరేళ్ల క్రితం కాలేయం కుడివైపున 4 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉంటే పొట్ట తెరిచి తీశారు. ఇప్పుడు ఎడమవైపు చివర, మూడో సెగ్మెంట్‌లో (కాలేయాన్ని ఎనిమిది భాగాలుగా చూస్తే మూడోదాంట్లో), 2.8 సెంటీమీటర్ల కొత్త గడ్డ కనిపించింది. ఒక డాక్టరుగారు కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పెట్టి తీసేయొచ్చన్నారు. ఇంకొకరు, ఒకసారి తెరిచిన పొట్ట కదా, మళ్లీ తెరవడమే (ఓపెన్ ఆపరేషనే) క్షేమం అన్నారు. బంధువులేమో రెండోసారి కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదన్నారు. రోబోతో చేయించుకోవడం గురించీ అడిగారు.

నేను కాలేయ ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. రెండు పద్ధతుల్లోనూ చేస్తాను కాబట్టి ఒకదాని తరఫున వాదించాల్సిన అవసరం నాకు లేదు. మీరు చెప్పిన వివరాలు మాత్రమే చూసి చెప్పమంటే, అనుభవమున్న టీమ్ దొరికితే మీ నాన్నగారికి కీహోల్‌తో మొదలుపెట్టడమే సరైనదని నా అభిప్రాయం. లోపల పరిస్థితి బాగోలేకపోతే అక్కడికక్కడే పొట్ట తెరవడానికి ముందే ఒప్పుకుని వెళ్లాలి. అయితే కీహోలా, ఓపెనా అన్నది ఈ వ్యవహారంలో మొదటి ప్రశ్న కాదు. దానికి ముందు తేలాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి తేలకుండా కోత సైజు గురించి తర్జనభర్జన పడి లాభం లేదు.

ముందుగా, క్యాన్సర్ మళ్లీ వచ్చిందంటే మొదటి ఆపరేషన్ సరిగా జరగలేదని అర్థం కాదు. కాలేయంలో పుట్టే క్యాన్సర్ గడ్డను పూర్తిగా తీసేసినా అయిదేళ్లలోపు 70 శాతం మంది దాకా మళ్లీ కనిపిస్తుంది. దీనికి రెండు దారులున్నాయి. మొదటి గడ్డలోంచే కొన్ని కణాలు రక్తనాళాల వెంట వెళ్లి కాలేయంలో ఇంకోచోట కూర్చుని పెరగడం ఒకటి. ఇలాంటివి ఎక్కువగా మొదటి రెండేళ్లలోపే బయటపడతాయి. రెండోది, హెపటైటిస్ బి వల్లో సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) వల్లో దెబ్బతిన్న అదే కాలేయంలో, ఇంకోచోట, పూర్తిగా కొత్త క్యాన్సర్ పుట్టడం. రెండేళ్లు దాటాక వచ్చేవాటిలో ఇలాంటివే ఎక్కువ. మీ నాన్నగారికి రెండున్నరేళ్లకు, మొదటి చోటికి దూరంగా, ఒక్కటే గడ్డ వచ్చింది. ఇది రెండో రకం కావడానికే అవకాశం ఎక్కువ. ఆరు నెలలకే మూడు నాలుగు గడ్డలతో తిరిగొచ్చిన పేషెంటుతో పోలిస్తే ఈయన పరిస్థితి చాలా మెరుగు. ఇది ఊరడింపు కోసం అంటున్న మాట కాదు. రెండో ఆపరేషన్ వల్ల ఎక్కువ మేలు పొందేది ఇలాంటివాళ్లే.

ఇప్పుడు అసలు ఆపరేషనే కావాలా అన్న ప్రశ్న. 3 సెంటీమీటర్ల లోపు గడ్డకు ఆపరేషన్ ఒక్కటే మార్గం కాదు. చర్మం మీంచి సూది దించి వేడితో గడ్డను మాడ్చేసే పద్ధతి ఉంది. రేడియోఫ్రీక్వెన్సీ లేదా మైక్రోవేవ్ అబ్లేషన్ అంటారు. తిరగబెట్టిన కాలేయ క్యాన్సర్‌లో ఆపరేషన్‌నూ అబ్లేషన్‌నూ నేరుగా పోల్చిన మంచి ట్రయల్ ఒకటి చైనాలో జరిగింది. ఫలితాలు 2020లో వచ్చాయి. 240 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, సగం మందికి మళ్లీ ఆపరేషన్, సగం మందికి అబ్లేషన్ చేశారు. అయిదేళ్లకు బతికున్నవాళ్లు ఆపరేషన్ వైపు 43.6 శాతం, అబ్లేషన్ వైపు 38.5 శాతం. గణాంకాల లెక్కలో ఆ తేడా నిలవలేదు. ఆపరేషన్ వైపు కాంప్లికేషన్లు ఎక్కువ, 22 శాతం. అబ్లేషన్ వైపు 7 శాతమే. కాకపోతే చికిత్స చేసిన చోటే మళ్లీ పెరగడం అబ్లేషన్ తర్వాత ఎక్కువ. గడ్డ 3 సెంటీమీటర్లు దాటినా, రక్తంలో ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్ ఉన్న చాలామందిలో పెరిగే ఒక ప్రోటీన్) 200 దాటినా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు.

ఈ ట్రయల్ గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. సర్జన్ దగ్గరికి వెళ్తే ఆపరేషన్ గురించే వింటారు, రేడియాలజిస్ట్ దగ్గరికి వెళ్తే సూది గురించే వింటారు. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని మీ నాన్నగారి స్కాన్ చూడాలి. పెద్ద ఆసుపత్రుల్లో దీన్ని ట్యూమర్ బోర్డ్ అంటారు. మీ కేసు అక్కడ పెట్టారా అని అడగండి. అడగడం మీ హక్కు. 2.8 అంటే 3కి కాస్త ఇవతల, గీత మీద ఉన్నట్టే. పైగా మూడో సెగ్మెంట్ జీర్ణాశయానికి ఆనుకుని ఉంటుంది. గడ్డ కాలేయం అంచున ఉంటే, సూది వేడి పక్కనే ఉన్న జీర్ణాశయం గోడకో పేగుకో తగిలే ప్రమాదం ఉంది. మొదటి ఆపరేషన్ తర్వాత అవి కాలేయానికి అతుక్కుని ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎడమవైపు ఆ చివరి ముక్క ఆపరేషన్‌కు అనువైన చోటు. అందుకే మీ నాన్నగారి విషయంలో నా మొగ్గు ఆపరేషన్ వైపు. ఇదే గడ్డ కాలేయం లోతుల్లో 2 సెంటీమీటర్లు ఉండి ఉంటే అబ్లేషన్ గురించే ముందు ఆలోచించమనేవాణ్ని.

ట్రాన్స్‌ప్లాంట్, అంటే కాలేయ మార్పిడి మాట కూడా చెప్పాలి. గడ్డతోపాటు జబ్బుపడ్డ కాలేయాన్నీ తీసేస్తుంది కాబట్టి, సరిపోయే పేషెంట్లకు క్యాన్సర్ మళ్లీ రాకుండా ఆపడంలో దానికి సాటి లేదు. ఒకే గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల దాకా ఉండి ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉండాలన్న మిలాన్ ప్రమాణాలు 1996 నుంచి వాడుకలో ఉన్నాయి. మీ నాన్నగారు ఆ హద్దుల్లోనే ఉన్నారు. కానీ మన దేశంలో కాలేయ మార్పిడులు చాలావరకు ఇంట్లోవాళ్లు ఇచ్చే కాలేయ భాగంతోనే జరుగుతున్నాయి. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుంటే బ్రెయిన్ డెడ్ అయినవారి కాలేయం కోసం ఎదురుచూడాలి. అది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. దాత ఆరోగ్యం, ఖర్చు, జీవితాంతం వాడాల్సిన మందులు అన్నీ చూసుకోవాలి. కాలేయం పని బాగానే ఉన్నప్పుడు ముందు గడ్డ తీసేసి, మళ్లీ వస్తే ట్రాన్స్‌ప్లాంట్‌కు వెళ్లడం చాలామందికి కుదిరే దారి. కీహోల్‌లో చేసిన ఆపరేషన్ తర్వాత పొట్ట లోపల అతుకులు తక్కువ పడతాయి కాబట్టి, రేపు మార్పిడి చేయాల్సి వచ్చినా పని తేలికవుతుంది. కీహోల్ వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

తర్వాతి ప్రశ్న, కాలేయం ఈ ఆపరేషన్‌ను తట్టుకోగలదా? మీ మెసేజ్‌లో ఇదే లేదు. గడ్డ సైజు రాశారు, సెగ్మెంట్ రాశారు గానీ, కాలేయం ఎలా పని చేస్తోందో చెప్పే రక్తపరీక్షలు, అంటే బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే లెక్క), ప్లేట్‌లెట్లు ఎంతో రాయలేదు. సర్జన్ మొదట చూసేవి ఇవే. ఆరోగ్యమైన కాలేయంలో 20 శాతం మిగిలినా మనిషి కోలుకుంటాడు. సిర్రోసిస్ ఉంటే కనీసం 40 శాతం మిగలాలి. మీ నాన్నగారికి ఒకసారి కొంత భాగం తీశారు. మిగిలింది కొంత పెరిగి ఉంటుంది కానీ, హెపటైటిస్ బి ఉన్న కాలేయం ఆరోగ్యమైనదానిలా పెరగదు. ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువ ఉండి, ప్లీహం పెద్దదై, ఎండోస్కోపీలో అన్నవాహిక దగ్గర సిరలు ఉబ్బి కనిపిస్తే పోర్టల్ ప్రెషర్, అంటే పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిరలో ఒత్తిడి పెరిగిందని లెక్క. పొట్టలో నీరు చేరినా, కామెర్లు ఉన్నా ఏ పద్ధతిలోనైనా ఆపరేషన్ ప్రమాదమే. అప్పుడు చర్చ వేరేవైపు వెళ్తుంది. ఈ నంబర్లు బాగుంటేనే కింద రాసేది మీకు వర్తిస్తుంది.

ఇక మీరడిగిన అసలు విషయం. ఓపెన్‌లో మొదటిసారి చేసినప్పుడు కుడివైపు పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టి ఉంటారు. ఆ గాయం మానేటప్పుడు లోపల కొవ్వు పొర, పెద్దపేగు, జీర్ణాశయం, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) అన్నీ కాలేయం కోసిన అంచుకూ, కుట్లు వేసిన పొట్ట గోడకూ అంటుకుంటాయి. వీటినే అడ్హెషన్లు, అతుకులు అంటాం. వానకు తడిసి ఎండిన పుస్తకంలో పేజీలు అతుక్కుపోతాయి చూడండి, కొన్ని గాలి ఊదితే విడిపోతాయి, కొన్ని ఎంత మెల్లగా లాగినా చిరుగుతాయి. అతుకులూ అంతే. ఏ పొట్టలో ఎలా ఉంటాయో స్కాన్‌లో పూర్తిగా తెలియదు. పేగు చిరిగితే, అది కళ్లముందే కనిపిస్తే కుట్టేయొచ్చు. కనిపించకుండా పోతేనే అసలు ప్రమాదం. మూడు నాలుగు రోజుల తర్వాత జ్వరం, నాడి వేగం, పొట్ట నొప్పి మొదలవుతాయి. సిర్రోసిస్ ఉన్న మనిషికి ఆ ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. మళ్లీ తెరవడమే క్షేమం అన్న డాక్టరుగారు దీన్ని దృష్టిలో పెట్టుకునే అని ఉంటారు. ఆయన భయం అర్థం లేనిది కాదు.

అయితే అతుకులు ఉన్నంత మాత్రాన ఓపెన్ మేలని తేలిపోదు. పాత కోత మీదుగానే మళ్లీ తెరవాలంటే ఆ గీత పొడవునా పొట్ట గోడకు అంటుకున్న పేగులన్నిటినీ ముందు విడదీయాలి. గడ్డకు సంబంధం లేనివాటిని కూడా. కీహోల్‌లో పాత మచ్చకు దూరంగా, సాధారణంగా ఎడమవైపు, చిన్న కోత పెట్టి కళ్లతో చూస్తూ మొదటి గొట్టం దించుతాం. లోపల కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపితే పొట్ట గోడ పైకి లేస్తుంది, అతుకులు సాగి వాటి మధ్య సందు కనిపిస్తుంది. కెమెరా ఆ సందును పెద్దది చేసి చూపిస్తుంది. గడ్డ దాకా వెళ్లడానికి కావాల్సినంత మేర విడదీసి, మిగతాది ముట్టుకోకుండా వదిలేయొచ్చు. మీ నాన్నగారి అతుకులు ఎక్కువ భాగం కుడివైపు ఉండాలి, గడ్డేమో ఎడమ చివర ఉంది. కుడివైపు జోలికి వెళ్లే అవసరమే రాకపోవచ్చు. నేను కీహోల్ వైపు మొగ్గడానికి ముఖ్యమైన కారణం ఇదే.

రక్తస్రావం విషయంలోనూ ఇలాంటిదే ఒక మేలు ఉంది. కాలేయాన్ని కోసేటప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది హెపాటిక్ సిరల నుంచి వచ్చే రక్తం. లోపల నింపిన గ్యాస్ ఒత్తిడి ఆ సిరల మీద పని చేసి రక్తం ఊరడాన్ని తగ్గిస్తుంది. మత్తు డాక్టరు గుండెకు చేరే సిరల్లో ఒత్తిడిని తక్కువగా ఉంచితే ఇంకా తగ్గుతుంది. ఇక సిర్రోసిస్ ఉన్నవాళ్లలో పొట్ట గోడలోంచి, బొడ్డు నుంచి కాలేయానికి వెళ్లే తాడులాంటి కణజాలంలోంచి రక్తం పక్కదారులు పట్టి ప్రవహిస్తుంటుంది. పెద్ద కోత పెడితే ఆ దారులన్నీ తెగిపోతాయి. పోర్టల్ ప్రెషర్ ఇంకా పెరిగి ఆపరేషన్ తర్వాత పొట్టలో నీరు చేరుతుంది. ఆ నీరు కుట్ల దగ్గర కారుతూ, ఇన్ఫెక్షన్‌కు దారితీస్తూ పేషెంటును వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉంచేస్తుంది. చిన్న రంధ్రాలతో పని చేస్తే ఆ దారులు చాలావరకు మిగులుతాయి. జనం కీహోల్ అంటే నొప్పి తక్కువ, మచ్చ చిన్నది అనే అనుకుంటారు. జబ్బుపడ్డ కాలేయానికి అసలు లాభం నీరు తక్కువ చేరడం, రక్తం తక్కువ పోవడం.

దీనికి ఆధారాలేమిటంటే, జపాన్ సర్జన్ల నాయకత్వంలో పలు దేశాల నుంచి 42 ఆసుపత్రులు తమ రికార్డులు కలిపి, సరిగ్గా ఈ ప్రశ్న మీదే, అంటే కాలేయ క్యాన్సర్ తిరగబెట్టి రెండో ఆపరేషన్ చేసినవాళ్ల మీదే, ఒక పెద్ద అధ్యయనం చేశాయి. 2020లో వెలువడింది. పదిహేను వందలకు పైగా పేషెంట్లున్నారు. ఒకే రకమైన పరిస్థితి ఉన్నవాళ్లను జతలుగా పెట్టి పోల్చినప్పుడు కీహోల్‌లో రక్తం తక్కువ పోయింది. ఆపరేషన్‌కు పట్టిన సమయం ఎక్కువ. ఎన్నాళ్లు బతికారన్న దాంట్లో గట్టిగా చెప్పదగ్గ తేడా కనబడలేదు. కాలేయ ఆపరేషన్ల మీద నార్వేలో ఓస్లో నగరంలో లాటరీ పద్ధతిలో ఒక ట్రయల్ చేశారు. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిన 280 మంది అందులో ఉన్నారు. కాంప్లికేషన్లు కీహోల్‌లో 19 శాతం, ఓపెన్‌లో 31 శాతం. ఆసుపత్రిలో ఉన్న సమయం 53 గంటలకు 96 గంటలు. తర్వాత ఏళ్ల తరబడి గమనిస్తే రెండు వైపులా బతికిన కాలం దాదాపు సమానమే, 80 నెలలు, 81 నెలలు.

ఈ లెక్కలు చూసి కీహోల్ గెలిచిందని అనేసుకోకండి. ఓస్లో ట్రయల్‌లో ఉన్నది మీ నాన్నగారి జబ్బు కాదు. అక్కడి కాలేయాలు సిర్రోసిస్ ఉన్నవి కావు. 42 ఆసుపత్రుల అధ్యయనం పాత రికార్డుల నుంచి తీసింది. అలాంటివాటిలో తేలికైన కేసులు కీహోల్ వైపు, కష్టమైనవి ఓపెన్ వైపు వెళ్లి ఉంటాయి. ఎంత జతలు కట్టి పోల్చినా ఆ తేడా పూర్తిగా పోదు. ఏ సర్జన్ అయినా చేయగలనన్న నమ్మకం ఉన్న కేసునే కీహోల్‌కు ఎంచుకుంటాడు కదా. కాబట్టి నేను ఆధారాలను చదివేది ఇలా: సరైన పేషెంటును ఎంచుకుని, చేయి తిరిగిన టీమ్ చేస్తే, కీహోల్ వల్ల క్యాన్సర్ విషయంలో నష్టం లేదు, కోలుకోవడంలో లాభం ఉంది. ఇంతకుమించి చెబితే అతిశయోక్తి అవుతుంది.

అన్ని గడ్డలకూ ఇది కుదరదు. కాలేయాన్ని ఎనిమిది సెగ్మెంట్లుగా చూస్తాం. ఎడమ చివరి 2, 3, ముందువైపు కింద ఉండే 5, 6, నాలుగో దాని కింది సగం కెమెరాకు ఎదురుగా ఉంటాయి. ఏడు, ఎనిమిది డయాఫ్రమ్ గుమ్మటం కింద వెనకాల దాక్కుని ఉంటాయి. అక్కడికి వంగని కీహోల్ పరికరాలు చేరడమే కష్టం. ఒకటో సెగ్మెంట్ గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర పక్కనే ఉంటుంది. గడ్డ పెద్దదై ప్రధాన సిరలకు అంటుకుని ఉన్నా, డయాఫ్రమ్‌లోకి పెరిగినా, రక్తనాళాన్ని కోసి మళ్లీ కుట్టాల్సి ఉన్నా, మొదటిసారి పైత్యరసం (కాలేయంలో తయారయ్యే జీర్ణరసం) కారి చాలారోజులు ఇబ్బంది పడినా నేను ఓపెన్‌కే వెళ్తాను. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉండి గ్యాస్ ఒత్తిడిని తట్టుకోలేనివాళ్లకూ అంతే. మొదటి ఆపరేషన్ కీహోల్‌లో జరిగి ఉంటే రెండోసారి కీహోల్ చాలా సులువు. అందుకే ఇప్పుడు మొదటిసారి ఆపరేషన్‌కు వెళ్తూ ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, కుదిరితే ఆ మొదటిదే కీహోల్‌లో చేయించుకునే విషయం మీ సర్జన్‌తో మాట్లాడండి. ఈ జబ్బులో రెండోసారి రావడం అరుదు కాదు.

రెండో ఆపరేషన్‌లో బయటివాళ్లకు కనిపించని ఇబ్బందులు ఇంకా రెండున్నాయి. కాలేయంలోకి వెళ్లే రక్తాన్ని కాసేపు ఆపడానికి దాని కింద ఉండే రక్తనాళాల కట్టకు పట్టీ బిగిస్తాం. మొదటిసారి దాన్ని విడదీసి ఉంటే ఇప్పుడు ఆ చోటు గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది, పట్టీ వేయడం కుదరకపోవచ్చు. అలాంటప్పుడు ఏం చేస్తారో సర్జన్ ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఇంకొకటి, కుడివైపు కొంత తీశాక మిగిలిన కాలేయం పెరుగుతూ కాస్త పక్కకు తిరుగుతుంది. గుర్తుగా పెట్టుకున్న సిరలు పుస్తకంలో ఉన్నచోట ఉండవు. ఓపెన్‌లో చేత్తో తడిమి గడ్డను పట్టుకోవచ్చు. కీహోల్‌లో ఆ చేయి లేదు. దాని బదులు లోపలే అల్ట్రాసౌండ్ పెట్టి చూసుకుంటూ కోయాలి. కాలేయం మీదే పెట్టే లాపరోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ప్రోబ్ మీ ఆసుపత్రిలో ఉందా అని అడగండి. లేదంటే అక్కడ రెండోసారి కాలేయ ఆపరేషన్‌ను కీహోల్‌లో చేయించుకోవద్దని నా గట్టి సలహా.

రోబో గురించి కూడా అడిగారు. రోబో చేతుల మణికట్టు తిరుగుతుంది కాబట్టి వెనకాల సెగ్మెంట్లలోనూ, అతుకులు విడదీయడంలోనూ, కుట్లు వేయడంలోనూ సౌకర్యం ఉంది. క్యాన్సర్ మళ్లీ రాకుండా ఉండడంలో అది మామూలు కీహోల్ కంటే మెరుగని రుజువు కాలేదు. మూడో సెగ్మెంట్ గడ్డ కోసం అప్పు చేసి రోబోకు వెళ్లనవసరం లేదు.

కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరిస్తే ఆపరేషన్ ఫెయిలైందని కుటుంబాలు కుంగిపోతాయి. దయచేసి అలా అనుకోకండి. అతుకులు ఒక గంట విడదీసినా దారి కనిపించకపోతే, రక్తం అదుపులోకి రాకపోతే, గడ్డ చుట్టూ తగినంత మంచి కణజాలం వదిలి కోయలేమనిపిస్తే తెరవడమే మంచి సర్జన్ లక్షణం. ప్రమాదం జరిగిపోయాక హడావుడిగా తెరవడానికీ, ముందే చూసుకుని నిదానంగా తెరవడానికీ చాలా తేడా ఉంది. మీరు సర్జన్‌ని ఏ పరిస్థితిలో తెరుస్తారని అడగండి. సూటిగా చెప్పగలిగినవాళ్లను నమ్మండి. అసలు తెరవాల్సిన అవసరమే రాదని హామీ ఇచ్చేవాళ్లతో జాగ్రత్త. రెండోసారి ఆపరేషన్లు, ముఖ్యంగా సిర్రోసిస్ కాలేయం మీద, ఈ టీమ్ ఎన్ని చేసిందో కూడా అడగండి. గాల్‌బ్లాడర్ తీయడంలో ఎంత అనుభవం ఉన్నా అది కాలేయం కోయడానికి సరిపోదు. దగ్గర్లో ఓపెన్ ఆపరేషన్లు బాగా చేసే సర్జన్ మాత్రమే ఉంటే, కీహోల్ అరకొరగా వచ్చిన చేతిలో పెట్టడం కంటే ఆయన చేత ఓపెన్‌లో చేయించుకోవడం నూటికి నూరుపాళ్లు మేలు.

ఇక బంధువుల మాట. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది, దానికి కారణమూ ఉంది. స్కాన్లు సరిగా లేని రోజుల్లో ముదిరిపోయిన జబ్బును తెలియక తెరిచి, తీయలేక మూసేసేవాళ్లు. ఆ పేషెంటు కొద్ది నెలలకే పోయేవాడు. చూసినవాళ్లకు తెరవడం వల్లే పోయాడనిపించేది. పోయింది జబ్బు వల్ల. గడ్డను చుట్టూ మంచి కణజాలంతో సహా తీసేస్తే పాకే మూలమే పోతుంది. కీహోల్‌లో గడ్డను లోపలే సంచిలో వేసి, బొడ్డు కింద వేరే కోత నుంచి సంచితో సహా బయటికి తీస్తాం. అలా జాగ్రత్త తీసుకుంటే రంధ్రాల దగ్గర క్యాన్సర్ మొలవడం చాలా అరుదు. నిజానికి కణాలు వెంట వచ్చే ప్రమాదం సూది గుచ్చి ముక్క తీసే బయాప్సీలో కొద్దిగా ఉంది. హెపటైటిస్ బి ఉన్న మనిషికి రంగుమందు ఎక్కించి తీసే స్కాన్‌లో గడ్డ మొదటి దశలో మెరిసి, తర్వాతి దశలో ఆ మందు కడిగేసినట్టు నల్లబడితే బయాప్సీ లేకుండానే కాలేయ క్యాన్సర్ అని చెప్పొచ్చు. మీ నాన్నగారికి అలా స్పష్టంగా కనిపించి ఉంటే ఎవరైనా బయాప్సీ అన్నప్పుడు దాని అవసరం ఏమిటని అడగండి.

ఆపరేషన్ మాట తేలేలోపు రెండు పనులు ఇవాళే చేయాలి. హెపటైటిస్ బి మందు, ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ, ఒక్కరోజు కూడా ఆగకూడదు. హెచ్‌బీవీ డీఎన్ఏ (రక్తంలో ఆ వైరస్ మోతాదు) ఎంతుందో పరీక్ష చేయించండి. వైరస్ అదుపులో ఉంటే ఆపరేషన్ తర్వాత కాలేయం నిలబడుతుంది, క్యాన్సర్ మళ్లీ వచ్చే అవకాశమూ తగ్గుతుంది. రెండోది, పసరు మందులు, లివర్ శుద్ధి పొడులు ఇంట్లో ఉంటే తీసి పడేయండి. ప్రేమతో తెచ్చిచ్చిన బంధువులను ఏమీ అనకండి, కానీ మీ నాన్నగారికి మాత్రం ఇవ్వకండి. మిగిలిన కాస్త కాలేయం వాటితో దెబ్బతిని ఆపరేషన్‌కు పనికిరాకుండా పోయినవాళ్లను చూశాను, ఆ బాధ ఇంకా నాలో ఉంది. మద్యం అలవాటు ఉంటే పూర్తిగా మానాలి. మీరూ, మీ తోబుట్టువులూ హెపటైటిస్ బి టెస్ట్ చేయించుకోండి. లేదని తేలితే టీకా వేయించుకోండి.

అన్నీ సవ్యంగా జరిగితే మర్నాడే మంచం దిగి నడిపిస్తారు, ద్రవాలు మొదలుపెడతారు. అయిదో రోజు బిలిరుబిన్, ఐఎన్ఆర్ చూస్తే కాలేయం ఎలా తేరుకుంటోందో తెలిసిపోతుంది. ఇంటికి వచ్చాక పొట్ట ఉబ్బడం, కాళ్ల వాపు, కళ్లు పచ్చబడడం, మత్తుగా తికమకగా మాట్లాడడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తర్వాత మొదటి రెండేళ్లు మూడేసి నెలలకోసారి స్కాన్, ఏఎఫ్‌పీ తప్పనిసరి. ఏఎఫ్‌పీ మామూలుగా ఉందని స్కాన్ మానేయొద్దు, చాలామందిలో గడ్డ ఉన్నా అది పెరగదు. ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్తగా ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే మందులు) వాడమని ఎవరైనా చెబితే తొందరపడకండి. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే మందులు కలిపి ఇచ్చిన ట్రయల్ 2023లో ఆశ కలిగించింది గానీ, మరికొంత కాలం గమనించి 2024లో చూస్తే ఆ లాభం నిలవలేదు. లక్షలు పోసి కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఖర్చు గురించి: కీహోల్‌లో స్టేప్లర్లు, కాలేయం కోసే పరికరాల వల్ల ఆపరేషన్ బిల్లు ఎక్కువగా కనిపిస్తుంది. గదిలో, ఐసీయూలో ఉండే రోజులు తగ్గితే అందులో కొంత కలిసొస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏ ఆపరేషన్‌కు ఎంత వరకు వస్తుందో, ఆ ప్యాకేజీలో కీహోల్ పరికరాలు ఉన్నాయో లేదో అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. పాత ఆపరేషన్ నోట్స్ తెప్పించండి. డిశ్చార్జ్ సమ్మరీ చాలదు, ఆపరేషన్ నోట్సే కావాలి. రక్తనాళాల కట్టను విడదీశారా, పైత్యం కారిందా, రక్తం ఎక్కించారా అన్నది అందులోనే ఉంటుంది. రెండు ఆసుపత్రుల్లో అడిగి సంపాదించాల్సి వచ్చినా సరే. దానితోపాటు కొత్త స్కాన్ సీడీ, ఛాతీ సీటీ, ఎండోస్కోపీ రిపోర్టు, గుండె పరీక్ష తీసుకుని ఇద్దరు డాక్టర్లకూ ఒకే సెట్ చూపించండి. ఇద్దరూ వేర్వేరు కాగితాలు చూసి మాట్లాడడం వల్లే అభిప్రాయాలు వేరైన కేసులు చాలా ఉంటాయి. ఇదంతా రెండు మూడు వారాల్లో ముగించండి. రేపే చేయించకపోతే ముంచుకొచ్చే ప్రమాదమేమీ లేదు, కానీ నెలల తరబడి నానిస్తే 2.8 కాస్తా 3 దాటుతుంది. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్ల నంబర్లు ఇక్కడ రాస్తే నేను మళ్లీ చూసి చెబుతాను.